పట్టా నిర్మాతది.. సాగు దర్శకుడిది

సినిమా తుది కూర్పు మీద దర్శక నిర్మాతల పేచీ మన పరిశ్రమకు పాతదే. ఇప్పుడు ఆ పేచీలోకి కోర్టులు, హీరోలు, కృత్రిమ మేధ కూడా వచ్చి చేరాయి. ఓరుగల్లు నేల మీద నిలబడి చూస్తే ఈ కథ ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తుంది.

2019 ఫిబ్రవరి 7న ఈ4 ఎంటర్‌టైన్‌మెంట్ అనే నిర్మాణ సంస్థ ఒక ప్రకటన ఇచ్చింది. తాము తీయించిన ‘వర్మ’ తుది కాపీ తమకు తృప్తినివ్వలేదని, దాన్ని విడుదల చేయబోమని, అదే హీరోతో, వేరే దర్శకుడితో మొదటి నుంచీ మళ్లీ తీస్తామని దాని సారాంశం. సినిమాలు ఆగిపోవడం కొత్త కాదు. డబ్బుల్లేక ఆగుతాయి, హీరో డేట్లు కుదరక ఆగుతాయి. షూటింగు అయిపోయి, ట్రైలరు జనం చూసేశాక సినిమా మొత్తాన్నీ పక్కన పడేయడం మాత్రం చిత్రసీమకు కొత్త. ఆ దర్శకుడేమీ అనామకుడు కాదు. ‘నాన్ కడవుల్’కు ఉత్తమ దర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్న బాలా.

రెండు రోజులకు బాలా జవాబిచ్చారు. తన సృజన స్వేచ్ఛను కాపాడుకోవడానికి తానే తప్పుకున్నానని, జనవరి 22నే ఆ మేరకు కాగితం రాసుకున్నామని చెప్పి దాన్ని బయటపెట్టారు. కుర్ర హీరో ధ్రువ్ భవిష్యత్తు కోసం ఇంతకు మించి మాట్లాడనన్నారు. గిరీశాయ దర్శకత్వంలో మళ్లీ తీసిన ‘ఆదిత్య వర్మ’ అదే ఏడాది నవంబర్ 22న థియేటర్లకు వచ్చింది. బాలా తీసిన ‘వర్మ’ 2020 అక్టోబర్‌లో ఓటీటీలో సద్దు లేకుండా వెలుగు చూసింది. ఒకే కథ, ఒకే హీరో, ఇద్దరు దర్శకులు, రెండు సినిమాలు.

ఆ కథ మన వరంగల్ బిడ్డది. అదే ‘అర్జున్ రెడ్డి’.

స్టేషన్ ఘన్‌పూర్‌లో కాజీపేట దిక్కు రైలెక్కితే పెండ్యాల దాటగానే ఓరుగల్లు గాలి తగులుతుంది. జిల్లాలు విడిపోయి ఘన్‌పూర్ ఇప్పుడు జనగామలో ఉంది కానీ, ఇక్కడి పిల్లల పెద్ద చదువులకు, పండగ బట్టలకు, కొత్త సినిమాకు ఇప్పటికీ వరంగల్, హనుమకొండలే. ఆ వరంగల్ నుంచి వెళ్లిన సందీప్ రెడ్డి వంగా తన కథను నమ్మే నిర్మాత దొరక్క చాలాకాలం తిరిగారు. చివరికి అన్న ప్రణయ్ రెడ్డి ముందుకొచ్చారు. కుటుంబం మామిడి తోట అమ్ముకుంది. ఆ డబ్బుతో పుట్టిన సంస్థకు భద్రకాళి పిక్చర్స్ అని పేరు పెట్టుకున్నారు. 2017 ఆగస్టు 25న సినిమా విడుదలైంది. నిడివి మూడు గంటల రెండు నిమిషాలు.

పేరున్న హీరో లేడు, పేరున్న దర్శకుడు లేడు, అయినా మూడు గంటల సినిమా! బయటి నిర్మాత ఎవరైనా ఎడిటింగ్ గదిలో కూర్చుని మొదటి మాటగా ‘అరగంట లేపేద్దాం’ అనేవాడు. కొత్త దర్శకుడు ఆ మాట కాదనలేడు. మొదటి కూర్పు మూడున్నర గంటలు దాటింది కాబట్టి సందీప్ కూడా కోత కోశారు. అయితే ఎక్కడ కోయాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించింది తీసిన మనిషే. డబ్బు పెట్టిన చేయి తోబుట్టువుది కావడం వల్లే అది సాధ్యమైంది. బాలాకు ఆ వీలు లేదు. ఇరవై ఏళ్ల అనుభవం, జాతీయ పురస్కారం ఉన్న దర్శకుడు చేయలేనిది, మొదటి సినిమా తీస్తున్న కుర్రాడు చేయగలిగాడు. ప్రతిభను పక్కనపెడితే, ఇద్దరి మధ్య తేడా ఒక్కటే. సినిమా ఎవరి పేరిట ఉంది అన్నదే ఆ తేడా.

చట్టం ఏమంటుంది?

ఘన్‌పూర్, చిల్పూర్, రఘునాథపల్లి ఊళ్లలో ఎవరిని అడిగినా కౌలు సంగతి విడమరిచి చెబుతారు. దుక్కి దున్నేది, విత్తు వేసేది, పురుగుమందు కొట్టేది కౌలు రైతు. పాసు పుస్తకం మీద పేరు మాత్రం పట్టాదారుది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టాదారుకే అందింది. సాగు చేసినవాడు చూస్తూ నిలబడ్డాడు. భారతీయ సినిమాలో దర్శకుడి హోదా సరిగ్గా ఇదే. 1957 నాటి కాపీరైట్ చట్టం రెండో సెక్షన్‌లో పుస్తకానికి కర్త రచయిత, సంగీతానికి కర్త స్వరకర్త, చిత్రానికి కర్త చిత్రకారుడు అని వరసగా రాసి ఉంటుంది. సినిమా దగ్గరికి వచ్చేసరికి కర్త నిర్మాత. దర్శకుడనే మాటే అక్కడ లేదు.

అదే చట్టం 57వ సెక్షన్ కర్తకు ఒక ప్రత్యేక హక్కు ఇచ్చింది. తన రచనను ఎవరైనా వక్రీకరించినా, ముక్కలు చేసినా, దానివల్ల తన పరువుకు భంగం కలిగితే అడ్డుకునే హక్కు అది. ఆ హక్కును ఆసరా చేసుకునే హిందీ రచయిత్రి మన్నూ భండారీ, తన నవల ఆధారంగా తీసిన సినిమాపై ఢిల్లీ హైకోర్టుకెక్కారు. 1986లో వచ్చిన ఆ తీర్పును న్యాయవాదులు ఇప్పటికీ ఉదహరిస్తారు. నవల రాసిన మనిషి అడగగలదు. అదే నవలను సినిమాగా తీసిన దర్శకుడు అడగబోతే, చట్టం అతన్ని కర్తగానే గుర్తించలేదు కాబట్టి మొదటి మెట్టు మీదే తడబడాలి.

దీన్ని సరిచేసే అవకాశం ఒకసారి వచ్చింది. 2010లో పార్లమెంటు ముందుకొచ్చిన సవరణ బిల్లులో ప్రధాన దర్శకుణ్ని కూడా నిర్మాతతో పాటు కర్తగా గుర్తించాలన్న ప్రతిపాదన ఉంది. పెట్టుబడి, నష్టభయం అంతా మాదే అని నిర్మాతలు గట్టిగా అడ్డుపడ్డారు. స్థాయీ సంఘం వాళ్ల మాటే విన్నది. 2012లో చట్టం వచ్చేనాటికి దర్శకుడి పేరు ఎగిరిపోయింది. పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు మాత్రం అదే సవరణ మేలు చేసింది. థియేటర్లో సినిమాతో కలిపి వేసినప్పుడు తప్ప, వాళ్ల పాట ఇంకెక్కడ మోగినా రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. దాన్ని నిర్మాతకు రాసిచ్చేయడానికి కూడా వీల్లేదు. భూపాలపల్లి జిల్లా చల్లగరిగలో పుట్టిన చంద్రబోస్ 2023 మార్చిలో తన పాటకు ఆస్కార్ అందుకున్నప్పుడు మన ప్రాంతమంతా పొంగిపోయింది. పాటల రచయితగా ఆయన వెనుక ఈ చట్టం ఉంది. ఆ పాటను తెరకెక్కించిన దర్శకుడు రాజమౌళి వెనుక అలాంటిదేదీ లేదు. ఆయన స్థాయి వేరు, చట్టం అవసరం పడకపోవచ్చు. మొదటి సినిమా తీస్తున్న జనగామ కుర్రాడికి పడుతుంది.

రాత్రికి రాత్రే

నిర్మాత వైపు కూడా నిలబడి చూడాలి. మన పట్టణాల్లోని సింగిల్ స్క్రీన్ థియేటర్ రోజుకు నాలుగు ఆటల లెక్క మీద బతుకుతుంది. రెండున్నర గంటల సినిమా అయితే ఆట వదిలాక జనం బయటికి రావడానికి, హాలు ఊడవడానికి, మళ్లీ టికెట్లు చింపడానికి టైముంటుంది. సినిమా మూడు గంటల ఇరవై నిమిషాలుంటే ఈ వరస మొత్తం జారిపోతుంది. రాత్రి తొమ్మిదికి మొదలైన సెకండ్ షో ఇంటర్వెల్‌తో కలిపి పన్నెండున్నర దాటాక వదులుతారు. జాఫర్‌గఢ్ దిక్కు పోవాల్సినవాళ్లకు ఆ వేళకు బస్సుండదు, ఆటో దొరకదు. బండి ఉన్న కుర్రాళ్లు తప్ప కుటుంబాలు ఆ ఆటకు రావు. నైజాం హక్కులు కొన్న పంపిణీదారుకు ఈ లెక్క నోటికొచ్చు. నిర్మాతకు ఫోన్ చేసి ‘లెంగ్తు తగ్గించండి’ అనేది అందుకే. నిర్మాత తెచ్చిన డబ్బుకు వడ్డీ రోజువారీగా పెరుగుతుంటుంది. అతని భయం దొంగ భయం కాదు.

రీళ్ల కాలంలో ఈ కోత కళ్లకు కనిపించేది. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. ఇరవై నిమిషాలు తీసేయాలంటే 1800 అడుగులు, అంటే దాదాపు ఒక పెద్ద రీలు మొత్తం. ప్రింట్లున్న ప్రతి థియేటర్‌కూ కబురు వెళ్లాలి. ఆపరేటర్ బల్ల మీద రీలు విప్పి, దీపం వెలుగులో ఫ్రేములు చూసుకుంటూ, ఫలానా డైలాగు తర్వాత నుంచి ఫలానా పాట ముందు దాకా అని గుర్తుపట్టి, బ్లేడుతో కోసి, రెండు కొసలూ టేపుతో అతికించేవాడు. ఆ అతుకు దగ్గర తెర మీద బొమ్మ ఎగిరేది, మాట సగంలో తెగేది. ముందు బెంచీల నుంచి ఈలలు, కేకలు. మూడో ఆటకు ఆలస్యమవుతుంటే సొంత తెలివితో ఒక పాట ఎత్తేసిన ఆపరేటర్లు కూడా ఉన్నారు. అది తప్పే. అయినా కోత జరిగిందని చూసేవాడికి తెలిసేది.

ఇప్పుడా ఆనవాలే లేదు. డిజిటల్ కాపీ మారుతుంది, మర్నాటి మార్నింగ్ షోకు కొత్త కూర్పు తెర మీదుంటుంది. 2014 సంక్రాంతికి వచ్చిన సుకుమార్ ‘1: నేనొక్కడినే’కు మొదటి రోజు ‘ల్యాగ్’ అన్న టాక్ రాగానే ఇరవై నిమిషాల దాకా కోసేశారు. ఇదే సినిమాను తర్వాతి కాలంలో టీవీలో, ఫోన్లలో చూసిన కుర్రాళ్లు గొప్ప ప్రయత్నమని మెచ్చుకున్నారు. కుదురుగా చూడాల్సిన సినిమాకు మనం ఒక పూట కూడా గడువివ్వలేదు. 2019లో ‘డియర్ కామ్రేడ్’, 2024లో శంకర్ ‘భారతీయుడు 2’ కూడా విడుదలయ్యాక కత్తిరింపుకు గురయ్యాయి. తుది తీర్పు ఇక్కడ దర్శకుడిదీ కాదు, నిజానికి నిర్మాతదీ కాదు. మొదటి ఆట ఇంటర్వెల్‌లో ఫోన్ తీసి రెండు ముక్కలు రాసినవాడిది. మొదటి రోజు టికెట్ కొన్న మనిషి ఒక సినిమా చూశాడు, మూడో రోజు కొన్న మనిషి ఇంకో సినిమా చూశాడు. టికెట్ ధర మాత్రం ఒకటే, మొదటి రోజైతే ఇంకా ఎక్కువ. ఈ మాట గట్టిగా అడిగినవాళ్లు లేరు, అడగాలి.

దీనికి ఎదురుగా ‘పుష్ప 2’ ఉంది. 2024 డిసెంబర్ 5న మూడు గంటల ఇరవై నిమిషాలతో విడుదలై, సంక్రాంతి తర్వాత 2025 జనవరి 17న మరో ఇరవై నిమిషాలు కలిపి మళ్లీ వచ్చింది. డబ్బు వస్తున్నంత సేపూ నిడివి ఎవరికీ బరువు కాలేదు.

స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి

కె.వి. రెడ్డి ఈ గొడవకు తనదైన దారి కనిపెట్టారు. పింగళి నాగేంద్రరావుతో కూర్చుని స్క్రిప్టు ఆఖరి మాట దాకా ఖాయం చేసుకున్నాక, సన్నివేశాలను ఒక్కొక్కటిగా చదివించి స్టాప్‌వాచ్‌తో కొలిచేవారు. ఈ సీను ఇన్ని నిమిషాలు, ఈ సంభాషణ ఇన్ని సెకన్లు అని కాగితం మీద రాసి ఉండేది. సెట్లో నటుడు నెమ్మదిగా పలికి ఆ లెక్క దాటితే షాట్ మళ్లీ తీయాల్సిందే. ఆయన దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ఈ పద్ధతి గురించి ఎన్నోసార్లు చెప్పారు. ఎడిటింగ్ బల్ల దగ్గరికి వచ్చేసరికి కోయడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. తుది కూర్పు షూటింగుకు ముందే అయిపోయేది.

అంత పకడ్బందీ మనిషికి కూడా నిర్మాతలతో చిక్కు తప్పలేదు. ‘మాయాబజార్’ ఖర్చు చూసి నాగిరెడ్డి, చక్రపాణి వెనకాడారు. సినిమా మధ్యలో ఆగి, మళ్లీ పట్టాలెక్కింది. అయితే ఆ పేచీ జరిగింది పని మొదటి దశలో, లెక్కల పుస్తకం ముందు. అందరూ ఒక మాట మీదికి వచ్చాక కె.వి. రెడ్డి తీసినదే తెర మీదికి వచ్చింది. 1957 మార్చి 27న విడుదలైన ఆ సినిమా నిడివి మూడు గంటల పైమాటే. ఎక్కడైనా ఒక్క నిమిషం ఎక్కువైందని ఇన్నేళ్లలో ఎవరైనా అన్నారా? పేచీ పడాల్సిన వేళ అది, పడాల్సిన చోటు అది. సినిమా అయిపోయాక పడే పేచీలో ఓడేది సినిమాయే.

ఆయన పోయాక మాత్రం ‘మాయాబజార్’ మారింది. 2010 జనవరి 30న హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ దానికి రంగులద్ది, ధ్వనిని కొత్తగా తీర్చి విడుదల చేసింది. నెగటివ్ దెబ్బతిన్న చోట కొంత వదిలేయాల్సి వచ్చి నిడివి కూడా తగ్గింది. జనం బారులు తీరారు. కొత్త తరానికి ఘటోత్కచుణ్ని పరిచయం చేసిన పుణ్యం ఆ ప్రయత్నానిదే, అందులో అనుమానం లేదు. అయినా మార్కస్ బార్‌ట్లే నలుపు తెలుపుల్లో వెన్నెలను ఎంత లెక్కగా పోశారో తెలిసినవాళ్లకు ఒక ప్రశ్న మిగులుతుంది. దర్శకుడు 1972లోనే పోయారు. ఇప్పుడు ఎవరి అనుమతి తీసుకోవాలి? మన చట్టం ప్రకారం హక్కులు కొన్నవాళ్లు ఒప్పుకుంటే చాలు. ఫ్రాన్సులో చాలదు. జాన్ హ్యూస్టన్ నలుపు తెలుపుల్లో తీసిన ‘ది యాస్ఫాల్ట్ జంగిల్’కు టర్నర్ సంస్థ రంగులేస్తే, ఆయన వారసులు ఫ్రెంచి కోర్టుకెక్కారు. అమెరికా ఒప్పందాల ప్రకారం హక్కులన్నీ స్టూడియోవే. అయినా 1991లో ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం, సృజన చేసిన మనిషి నైతిక హక్కు అమ్ముడుపోదని తీర్పిచ్చింది. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు కె.వి. రెడ్డే గుర్తొస్తారు.

అమెరికాలో చట్టం నిర్మాత వైపే ఉన్నా దర్శకుల సంఘం గట్టిది. సినిమా పూర్తయ్యాక దర్శకుడు తన కూర్పు తాను సిద్ధం చేసుకోవడానికి సాధారణంగా పది వారాల గడువుంటుంది. ఆ గడువులో నిర్మాత ఎడిటింగ్ గదిలో వేలు పెట్టకూడదు. ఆ తర్వాత మార్చుకోవచ్చు. అయినా ముందు ఒక దర్శకుడి కాపీ అంటూ పుడుతుంది. 1942లో ఆర్సన్ వెల్స్‌కు ఆ రక్షణ లేదు. ఆయన బ్రెజిల్‌లో ఉండగా స్టూడియో ‘ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్’లో నలభై నిమిషాలకు పైగా కోసి, ముగింపు మార్చి, కోసిన ఫిల్మును నాశనం చేసింది. ప్రపంచం ఇప్పటికీ ఆ ముక్కల కోసం వెతుకుతోంది.

మూడో మనిషి

ఇంతవరకూ చెప్పింది ఇద్దరి కథ. ఈ పదిహేనేళ్లలో ఎడిటింగ్ గదిలోకి మూడో మనిషి వచ్చి కూర్చున్నాడు. స్టార్. జాగర్లమూడి క్రిష్ అనుభవం చాలు దీనికి. ‘మణికర్ణిక’ సింహభాగం తానే తీశానని ఆయన చెప్పారు. ఎన్టీఆర్ జీవిత చిత్రాల పనిలో ఆయన ఇటు ఉండగా, కథానాయిక కంగనా రనౌత్ దర్శకత్వం చేతిలోకి తీసుకుని కొంత భాగం మళ్లీ తీశారు. నిర్మాతలు ఆమె వైపే నిలబడ్డారు. 2019 జనవరి 25న సినిమా వచ్చినప్పుడు దర్శకులుగా ఇద్దరి పేర్లూ పడ్డాయి. ‘హరి హర వీరమల్లు’ కూడా ఆయన మొదలుపెట్టినదే. ఏళ్ల తరబడి సాగిన ఆ సినిమాను నిర్మాత ఎ.ఎం. రత్నం కుమారుడు జ్యోతికృష్ణ పూర్తి చేశారు, 2025 జూలైలో విడుదలైంది. అక్కడా టైటిల్స్‌లో రెండు పేర్లు. చూసే ప్రేక్షకుడికి ఏ సీను ఎవరిదో, ఏ మెచ్చుకోలు ఎవరికి చెందాలో, ఏ తిట్టు ఎవరు పడాలో తెలిసే దారి లేదు.

‘గేమ్ ఛేంజర్’ ఈ పేచీకి మరో ముఖం. 2025 జనవరి 10న విడుదలయ్యాక శంకరే ఒక ఇంటర్వ్యూలో, అసలు ఐదు గంటలకు పైగా వచ్చిందని, మంచి సన్నివేశాలు చాలా తీసేయాల్సి వచ్చిందని, తనకూ పూర్తి తృప్తి లేదని చెప్పారు. తెర మీదికి వచ్చింది రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. అంటే తీసినదానిలో దాదాపు సగం ఎవరూ చూడలేదు. అన్ని రోజుల షూటింగు, అన్ని సెట్లు, అంత మంది జూనియర్ ఆర్టిస్టుల కష్టం హార్డ్‌డిస్కులో ఉండిపోయింది. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి, నైజాం పంపిణీలో ఓనమాలు దిద్దిన దిల్ రాజుకు లెక్క తెలియక కాదు. అంత పెద్ద దర్శకుడితో మొదట్లోనే షరతులు మాట్లాడుకోకపోవడం తన పొరపాటేనని ఆయన తర్వాత ఒప్పుకున్నారు. ఇక్కడ నేను నిర్మాత పక్షమే. ఐదు గంటలు తీసి చివర్లో కోతకు కూర్చోవడం సృజన స్వేచ్ఛ అనిపించుకోదు. కె.వి. రెడ్డి స్టాప్‌వాచ్ చేసిన పని ఏదో ఒక రూపంలో ఈ రోజుకూ కావాలి.

కడవెండి కథ చెప్పినవాళ్లు

ఘన్‌పూర్ నుంచి పాలకుర్తి మీదుగానో, జనగామ మీదుగానో దేవరుప్పుల దాటితే కడవెండి. 1946 జూలై 4న విస్నూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఊరు. ఆ రక్తం నుంచి ఎగసిన సాయుధ పోరాటాన్ని తెరకెక్కించిన సినిమా ‘మా భూమి’. కిషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారైంది. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. ఆ కథ మద్రాసులో ఏ బ్యానర్ చేతిలో పడ్డా ఏమయ్యేదో ఊహించండి. దొరకో మంచి కూతురు పుట్టేది, ఆమెకూ రైతు కొడుక్కూ ఒక డ్యూయెట్ ఉండేది, చివరికి దొర పశ్చాత్తాపంతో కన్నీళ్లు పెట్టుకునేవాడు. ‘మా భూమి’లో అవేవీ లేకపోవడానికి కారణం దర్శకుడి గొప్పతనం ఒక్కటే కాదు. డబ్బు పెట్టిన నర్సింగరావే స్క్రిప్టులో చేయి వేశారు, సంగీతంలో చేయి వేశారు. దర్శకుడు చెప్పదలచుకున్నదీ నిర్మాత చెప్పదలచుకున్నదీ ఒకటే కాబట్టి కత్తెర మీద పోటీ రాలేదు. మార్నింగ్ షోలలో ఆ సినిమా నెలల తరబడి ఆడింది.

తర్వాత నర్సింగరావే దర్శకుడయ్యారు. 1988లో ‘దాసి’ తీశారు. గడీలో బానిస బతుకు బతికిన ఆడమనిషి కథ. పాటల్లేవు, ఫైట్లు లేవు. గంటన్నర పైచిలుకు నిడివి, అందులో చాలా భాగం నిశ్శబ్దం. అర్చనకు ఉత్తమ నటి పురస్కారంతో కలిపి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. బజారు లెక్కలు చూసే చేయి ఏదైనా ఆ నిశ్శబ్దాలను మొదట కోసేసేది. గడీ గోడల మధ్య దాసి నడుస్తూ ఉండే ఆ పొడవాటి షాట్లే సినిమాకు ప్రాణం. అవి లేకుంటే మిగిలేది వార్త.

ఇంకా వెనక్కి వెళ్తే ఒక వింత కనిపిస్తుంది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతు బిడ్డ’ తీసి జమీందారీ దోపిడీని ఎండగట్టారు. ఆ సినిమా తీసిన సారథి ఫిలిమ్స్ వెనుక ఉన్నది స్వయంగా చల్లపల్లి జమీందారు. బయటి జమీందారులు మండిపడ్డారు, ప్రభుత్వం నిషేధం పెట్టింది. డబ్బు పెట్టిన రాజా మాత్రం కత్తెర పట్టలేదు. అలాంటి నిర్మాతలు ఆ తర్వాతా కొందరు వచ్చారు. కె. విశ్వనాథ్ ‘శంకరాభరణం’ను కొనడానికి పంపిణీదారులు జంకుతున్నా, హాస్యమో ఫైటో ఇరికిద్దామని అనకుండా వెన్నంటి నిలిచిన ఏడిద నాగేశ్వరరావు వాళ్లలో ఒకరు. నిర్మాత అంటే అడ్డుపడేవాడే అన్న మాట అన్యాయమని చెప్పడానికి ఈ ఇద్దరు చాలు.

యంత్రం రాసిన ముగింపు

2025 ఆగస్టు 1న జరిగిన సంగతి మాత్రం ఇదివరకటి పేచీలన్నిటినీ చిన్నవి చేసింది. 2013లో ఆనంద్ ఎల్. రాయ్ తీసిన ‘రాంఝనా’ తమిళ రూపం ‘అంబికాపతి’ని ఈరోస్ సంస్థ మళ్లీ విడుదల చేసింది. అసలు సినిమాలో నాయకుడు చనిపోతాడు. కొత్త కూర్పులో కృత్రిమ మేధతో అతన్ని బతికించారు. దర్శకుడు వద్దన్నారు, నటించిన ధనుష్ వద్దన్నారు. సినిమా ఆత్మనే తీసేశారని బాధపడ్డారు. ఈరోస్ మాత్రం హక్కులన్నీ తమవేనంది, థియేటర్లలో వేసేసింది. కాపీరైట్ చట్టం రెండో సెక్షన్ ప్రకారం ఆ వాదన బలమైనదే. ఇన్నాళ్లూ నిర్మాత తీసేయగలిగేవాడు. ఇప్పుడు దర్శకుడు తీయనిది, నటుడు నటించనిది పుట్టించి కలపగలడు. పాత తెలుగు సినిమాల రీరిలీజులకు మనవాళ్లు ఎగబడుతున్న రోజులివి. ‘మరో చరిత్ర’లో ఆ ప్రేమికులను బతికించి ‘హ్యాపీ ఎండింగ్’ అని పోస్టర్ వేస్తే ఆపే దారి ఏది?

దర్శకుడే పూనుకుని తన సినిమాను తిరగరాసుకోవడం వేరు. 2025 అక్టోబర్ 31న రాజమౌళి రెండు ‘బాహుబలి’లనూ కలిపి మూడు గంటల నలభై ఐదు నిమిషాల లోపు ఒక్క సినిమాగా తెచ్చారు. పాటలు పోయాయి, ఇష్టమైన సీన్లు పోయాయి. ఎందుకు తీశారో ఆయనే చెప్పారు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. సందీప్ రెడ్డి కూడా ‘అర్జున్ రెడ్డి’ పదేళ్ల పండగకు పూర్తి కూర్పు చూపిస్తానని 2022లో మాటిచ్చారు. భద్రకాళి పిక్చర్స్ ఇంటి సంస్థ కాబట్టి ఆ మాట ఇవ్వగలిగారు.

ఈ ప్రాంతం నుంచి ఇప్పుడు పదుల సంఖ్యలో కుర్రాళ్లు యూట్యూబ్‌లో షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. మన యాస, మన పెళ్లిళ్లు, మన చావు డప్పులు వాళ్ల కెమెరాల్లో ఉన్నాయి. వాళ్లలో కొందరు రేపు కృష్ణానగర్ వెళ్లి పెద్ద నిర్మాత ముందు కూర్చుంటారు. అందరికీ తోట అమ్మే అన్న ఉండడు. అడ్వాన్సు చెక్కు చూసిన సంబరంలో సంతకం పెట్టే ముందు, నిడివి ఎంతో, మార్పులు ఎప్పటిదాకా ఎవరు చేయొచ్చో, ఇష్టం లేని మార్పు చేస్తే తన పేరు తీసేయమనే హక్కు ఉందో లేదో, కృత్రిమ మేధతో చేర్పులకు తన రాతపూర్వక అనుమతి కావాలో వద్దో ఆ కాగితంలో రాయించుకోవాలి. బాలా రాసుకున్న కాగితమే ఆయన మాటకు రుజువైంది.

ప్రభుత్వం చేతిలోనూ ఒక పని ఉంది. 2025 జూన్ 14న తెలంగాణ తొలి గద్దర్ ఫిల్మ్ అవార్డులు ఇచ్చింది. పెద్ద సినిమాలు టికెట్ రేట్లు పెంచుకుంటామని వచ్చినప్పుడల్లా ప్రభుత్వం జీవోలు ఇస్తూ వచ్చింది. అవార్డుకు పోటీ పడే ప్రతి సినిమా దర్శకుడి కూర్పును ఒక కాపీ భద్రపరచాలని, రేటు పెంచుకున్న ప్రతి సినిమా విడుదలయ్యాక నిడివి మార్చితే ఆ సంగతిని కౌంటర్ దగ్గర, బుకింగ్ యాప్‌లో రాసి పెట్టాలని రెండు షరతులు కలపడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. సెన్సార్ సర్టిఫికెట్ వచ్చాక ఒక్క షాట్ మార్చినా బోర్డుకు తెలియజేయాలన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. బోర్డుకు చెప్పేది టికెట్ కొన్నవాడికి కూడా చెప్పమని అడుగుతున్నాం, అంతే. మొదటి అడుగుగా తెలుగు ఫిల్మ్ ఛాంబర్, దర్శకుల సంఘం ఒకచోట కూర్చుని నమూనా ఒప్పందం ఒకటి తయారుచేసి, తెలుగులో అచ్చువేసి, సినిమా మొదలుపెట్టే ప్రతి కొత్త దర్శకుడి చేతికీ ఇవ్వొచ్చు.